చావు వాయిదా, టికెట్టు ఐదు యూరోలు

ఊళ్లు బాగుపడటం గురించి మన పెద్దలు చెప్పే సూత్రాలన్నీ తప్పని రుజువు చేసిన ఊరొకటి ఇటలీలో ఉంది. పేరు చివిటా ది బాన్యోరెజ్యో. రోముకు ఉత్తరంగా సుమారు 120 కిలోమీటర్లు. రోడ్డు పడాలి, ఫ్యాక్టరీ రావాలి, జనం పెరగాలి, అప్పుడే ఊరు బాగుపడుతుందని కదా మన నమ్మకం! చివిటాలోకి కారు వెళ్లే రోడ్డు లేదు, ఫ్యాక్టరీ లేదు, జనమైతే చలికాలంలో పదిమందికి అటూ ఇటూ. దానికున్న ఆస్తల్లా ఒక్కటే. అది చచ్చిపోతోంది. ఇటాలియన్లు దాన్ని పిలవడమే ‘చచ్చిపోతున్న ఊరు’ అని పిలుస్తారు. ఆ చావడమేదో అది ఎంత నింపాదిగా చస్తోందంటే, చూసిపోదామని నలుమూలల నుంచి జనం డబ్బు కట్టి మరీ వస్తున్నారు.

జబ్బేమిటో ముందు చెప్పాలి. ఊరున్నది ఒక కొండ మీద. ఆ కొండ పైభాగమంతా అగ్నిపర్వతం బూడిద గట్టిపడి ఏర్పడిన రాయి. దాని కింద బంకమన్ను. అటొక వాగు, ఇటొక వాగు. వాన పడినప్పుడల్లా మన్ను కొంత కోసుకుపోతుంది, కింద దన్ను పోయిన రాయి పగిలి, పైనున్న ఇంటితో సహా లోయలోకి దిగుతుంది. 2500 ఏళ్ల కిందట ఎట్రుస్కన్లు, అంటే రోమన్ల కంటే ముందు అక్కడ వెలిగిన జాతివారు, ఈ చోటు ఎంచుకున్నది శత్రువు ఎక్కి రాలేడనే ధీమాతో. శత్రువు ఎక్కలేడు సరే, కొండే దిగిపోతుందని వాళ్ల వాస్తు సిద్ధాంతి చెప్పినట్టు లేదు. 1695లో భూకంపం వచ్చింది. బిషప్పుగారూ మున్సిపాలిటీవారూ మూటాముల్లె సర్దుకుని పక్కనున్న బాన్యోరెజ్యోకి మారిపోయారు. ఆపదొస్తే ముందు ఖాళీ అయ్యేది ఆఫీసే అన్న సంప్రదాయం ఎంత పాతదో గమనించండి.

మధ్యయుగాల మహాపండితుడు సెయింట్ బొనవెంచర్ పుట్టింది ఇక్కడే. ఆయన ఇల్లు ఎక్కడని అడిగితే కొండ అంచు చూపిస్తారు. ఇల్లు లోయపాలై ఎంతో కాలమైంది. సన్యాసికి ఇల్లెందుకని కొండ కూడా అనుకుని ఉంటుంది.

ఊళ్లోకి దారి ఒక్కటే, 1965లో కట్టిన కాలినడక వంతెన. పొడవు సుమారు 300 మీటర్లే గానీ, చివర్లో నిట్టనిలువుగా లేస్తుంది. అక్కడ ఆగి ఆయాసపడేవాళ్లలో మనవాళ్లూ కనిపిస్తారు. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న కొడుకు వెంట వచ్చిన ఒక పెద్దావిడ రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయింది.

“పైన గుడుందా నాన్నా?”

“చర్చి ఉందమ్మా.”

“ఊళ్లో ఎవరుంటారు?”

“ఓ పదిమంది.”

“పదిమంది ఉన్న ఊరికి తలకి దగ్గర దగ్గర ఐదొందలా? మన ఊళ్లో ఐదు వేలమందిమి ఉన్నాం. ఊరికే రమ్మన్నా ఒక్కడూ రాడు.”

ఆవిడ తెలియకుండానే పర్యాటక శాస్త్రం మొత్తం చెప్పేసింది. బతికున్న ఊరిని చూడటానికి ఎవడొస్తాడు?

ఈ సంగతి బాన్యోరెజ్యో మేయరుగారికి 2013లోనే తట్టింది. ఊళ్లోకి అడుగుపెట్టాలంటే యూరోన్నర అన్నారు. టికెట్టు పెడితే జనం తగ్గుతారని ఎవరైనా భయపడతారు. ఇక్కడ పెరిగారు! డబ్బు తీసుకుంటున్నారంటే లోపల ఏదో ఉండే ఉంటుందన్నది మానవ స్వభావం. ఏటా 40 వేలున్న సందర్శకులు 2017 నాటికి 8 లక్షల 50 వేలయ్యారు. పదిమంది జనాభాతో భాగిస్తే తలకు 85 వేలమంది అతిథులు. అతిథి దేవుడే అనుకుంటే ఒక్కొక్కరి గుమ్మంలో ఇందరు దేవుళ్లు ఏ పురాణంలోనూ కనబడరు. తర్వాత టికెట్టు మూడు యూరోలైంది, ఐదైంది. ఆ రాబడితో బాన్యోరెజ్యోవారు తమ జనానికి స్థానిక పన్నులు ఎత్తేశారు. ఇంటి పన్ను బకాయిల కోసం డప్పు కొట్టించే మన మున్సిపల్ కమిషనర్లు ఈ వాక్యం రెండోసారి చదవకపోవడం మంచిది, గుండెకు పడదు. వెనిస్ లాంటి మహానగరానికే పగటిపూట వచ్చిపోయేవాళ్ల దగ్గర ఐదు యూరోలు తీసుకోవాలన్న జ్ఞానం 2024లో గానీ ఆచరణలోకి రాలేదు. అదీ మునిగిపోతున్న ఊరే కాబట్టి అర్హత విషయంలో పేచీ లేదు.

లోపల చూడాల్సినవి ఏమిటంటారా? ముఖద్వారం మీద రాతి సింహాలు, వాటి గోళ్ల కింద మనుషుల తలలు. ఒకప్పుడు పెత్తనం చేసిన ఒర్వియెటో ప్రభువుల్ని తరిమేసిన గుర్తట. ఇప్పుడు అవే సింహాల కింద నుంచి బయటివాళ్లు బారులు తీరి వస్తుంటే కిక్కురుమనవు. ద్వారం దాటగానే ఒక భవంతి గోడ. కిటికీలు దర్జాగా ఉంటాయి, గట్టు మీద పూలకుండీలు కూడా. ఆ కిటికీల్లోంచి చూస్తే అవతల గది ఉండదు, ఆకాశం ఉంటుంది. భవంతి జారిపోయింది, ముఖం మిగిలింది. ఇంత నిజాయితీ గల ఎలివేషన్ నేనెక్కడా చూడలేదు. మన దగ్గర కొన్ని వెంచర్లకు ఎలివేషన్ బొమ్మ ఒక్కటే ఉంటుంది, కూలడానికైనా ఇల్లుండదు.

ఇంకా లోపలికెళ్తే కొండచరియల మ్యూజియం! కొండ ఎప్పుడు, ఎక్కడ, ఎలా విరిగిందో అద్దాల వెనక బొమ్మలతో వివరిస్తారు. ఆ మ్యూజియం ఉన్నదీ అదే కొండ మీద. కాసేపటికి, చూడాల్సిన వస్తువు అద్దం అవతలుందా, చూస్తున్న మన కాళ్ల కిందుందా అన్న టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్‌కి విడిగా టికెట్టు.

అయితే ఈ వ్యాపారంలో ఒక చిక్కుంది. మంచం పట్టిన ఆస్తిపరుడైన తాతగారింట్లో ఉండే చిక్కే. ఆయన పోకూడదు, పోతే పెన్షన్ ఆగిపోతుంది. లేచి కూర్చోనూ కూడదు, కూర్చుంటే పరామర్శకు వచ్చేవాళ్లు యాపిల్ పళ్లతో సహా ఆగిపోతారు. పాత కట్టడాలను కాపాడే సంస్థ ప్రపంచ స్మారకాల నిధి (వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్) వారు 2006లోనే చివిటాను ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చారు. అంతకంటే పెద్ద సర్టిఫికెట్టు ఏ ఊరికి కావాలి? కానీ ఇంజనీర్లు ఊరుకోరు. కొలతలంటారు, కొండకు కట్టుదిట్టమంటారు. వాళ్ల పనితనం మితిమీరి కొండ గట్టిపడితే ‘చచ్చిపోతున్న ఊరు’ అన్న పేరు మీద వినియోగదారుల ఫోరంలో కేసు పడదా?

కాబట్టి నా సూచన ఇది. అరిగే వేగాన్ని మున్సిపాలిటీ తీర్మానం ద్వారా ఖరారు చేయాలి. మ్యూజియంవారి పర్యవేక్షణలో ఏడాదికి ఒక రాయి చొప్పున, ముందుగా తేదీ ప్రకటించి పడేయాలి. చౌకులో జూన్‌లోనూ సెప్టెంబర్‌లోనూ గాడిదల పందెం ఎలాగూ జరుగుతుంది కనుక పెద్ద రాయిని జూన్‌కి, చిన్నదాన్ని సెప్టెంబర్‌కి సర్దవచ్చు. ఆ రోజు వచ్చినవాళ్లకు పడిన రాయిలోంచి తలా ఒక ముక్క, రసీదుతో సహా. ముక్కలు చాలకపోతే పక్క కొండ నుంచి తెప్పించాలి, రాయి అదే కదా. ఆ రవాణా కాంట్రాక్టు మాత్రం మనవాళ్లకు ఇప్పించాలని మనవి, ఈ పనిలో అనుభవం దండిగా ఉంది.