సవరణ: డ్యూక్, నార్త్ కరోలినా మ్యాచ్‌లో క్వార్టర్లు ఉండవు

అమెరికా యూనివర్సిటీలైన డ్యూక్, నార్త్ కరోలినా పురుషుల జట్ల బాస్కెట్‌బాల్ మ్యాచ్ గురించి మొన్న పెట్టిన పోస్టులో, ఆట పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లని రాశాను. అది తప్పు. అమెరికా కాలేజీ పురుషుల ఆట 20 నిమిషాల చొప్పున రెండు హాఫ్‌లే. అక్కడి కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనలు చూసి సరిచేస్తున్నాను. నాలుగు క్వార్టర్లు మహిళల మ్యాచ్‌లకు, అదీ 2015–16 సీజన్ నుంచి. నేను పొరబడింది అక్కడే.

ఇది చిన్న తేడా కాదు. మన పర్లాకిమిడి కుర్రాళ్లు ఆడేటప్పుడు క్వార్టర్ మారగానే బోర్డు మీద ఫౌళ్ల సుద్దగీతలు చెరిపేస్తారు కదా, అక్కడ ఆ లెక్క హాఫ్ అంతా పెరుగుతూనే పోతుంది. ఏడో ఫౌల్ నుంచి ఎదుటి జట్టుకు బోనస్: మొదటి ఫ్రీ త్రో (ఎవరూ అడ్డు రాకుండా వేసే షాట్) పడితేనే రెండోది. పదో ఫౌల్ నుంచి రెండూ ఖాయం. చివరి ఐదు నిమిషాల్లో అంత టెన్షన్ అందుకే.

ఇంకొకటి. ఆ పోస్టులోనే రెండు క్యాంపస్‌ల మధ్య దూరం ‘పది’ అన్నది మైళ్లు. కొందరు కిలోమీటర్లనుకున్నారు. మన లెక్కలో దాదాపు 16 కిలోమీటర్లు. డ్యూక్ వాళ్ల కామెరాన్ స్టేడియంలో 9,314 సీట్లన్న అంకె మాత్రం సరైనదే.