డిశ్చార్జ్ కాగితం మీద ‘ఏఎఫ్‌ఓ’ అని రాసి పంపేస్తే సరిపోతుందా?

అమ్మకు పక్షవాతం వచ్చి పదకొండు నెలలైంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో, మందులన్నీ అయ్యాక చివర్న ‘ఎడమ కాలికి ఏఎఫ్‌ఓ’ అని ఒక్క ముక్క ఉంది. ఏ రకం తీసుకోవాలి, కొలత ఎవరు తీస్తారు, రోజుకు ఎంతసేపు వేయాలి, ఇవేవీ లేవు. అడిగితే “బయట షాపులో దొరుకుతుందమ్మా” అన్నారు. ఇంకా ఎన్ని ఇళ్లకు ఇదే కాగితం వెళ్తోందో అనిపించి ఇది రాస్తున్నా.

తెలియనివాళ్లకు చెప్తాను. ఏఎఫ్‌ఓ అంటే పిక్క వెనక నుంచి దిగి, మడమ దగ్గర మలుపు తిరిగి, అరికాలి కిందకి వచ్చే గట్టి ప్లాస్టిక్ పట్టీ. అమ్మకు ఎడమ పాదం ముందు భాగం పైకి లేవదు, ఫుట్ డ్రాప్ అంటారు. నడుస్తుంటే వేళ్లు నేలకు గీసుకుంటాయి, చాప అంచు తగిలినా తూలిపోతుంది. పాదాన్ని అలా వేలాడకుండా పట్టి ఉంచడమే ఆ పట్టీ పని.

ఖమ్మంలో ఒక షాపుకి వెళ్తే కాలు చూడకుండానే “మీడియం తీసుకోండి మేడమ్, అందరికీ అదే సరిపోద్ది” అని ఇచ్చాడు. నాలుగో రోజు సాయంత్రం మేజోడు తీస్తే బయటివైపు చీలమండ ఎముక మీద చర్మం లేచిపోయి ఉంది. అమ్మకు పదిహేనేళ్లుగా షుగర్, పాదాల్లో స్పర్శ తక్కువ. “నొప్పేం లేదే” అంటోంది తను. ఆ పుండు మానడానికి ఐదు వారాలు పట్టింది, ఆ ఐదు వారాలూ నడక ప్రాక్టీసు ఆగిపోయింది. పక్షవాతం వచ్చిన కొత్తలో ఒక్కో వారం ఎంత విలువైందో ఆ ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

తర్వాత మా ఫిజియోథెరపిస్ట్ చెప్తే ఆర్థోటిస్ట్ దగ్గరికి, అంటే ఇలాంటి పట్టీలు కాలికి సరిపడేలా కొలిచి తయారుచేసే నిపుణుడి దగ్గరికి వెళ్లాం. అసలు ఇలాంటి చదువు ఒకటుందని, వీళ్లకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన ముందు అమ్మను పట్టీతో, పట్టీ లేకుండా నడిపించి చూశారు. చీలమండను చేత్తో వంచి చూశారు. “పిక్క బిగుసుకుపోతోంది, పాదం లోపలికి తిరుగుతోంది, వెనక సన్నగా ఆకులా వంగే రకం అమ్మగారికి ఆగదు” అన్నారు. ఆ సన్న రకం, పాదం మెత్తగా వేలాడిపోయి బిగుతు లేనివాళ్లకి బాగుంటుందట. బిగుతు ఎక్కువగా ఉన్నవాళ్లకు చీలమండను కదలనివ్వని గట్టి రకం కావాలి. చీలమండ దగ్గర కీలు ఉన్న రకంలో పాదం కిందికి పడదు కానీ పైకి వంగుతుంది, కాబట్టి కుర్చీలోంచి లేవడానికి, మెట్లెక్కడానికి తేలిక. ఇంత తేడా ఉన్నవాటిని ‘మీడియం’ అని ఒక్క మాటతో అమ్మేస్తున్నారు.

కాలికి పిండికట్టు వేసి అచ్చు తీశారు. ఆ అచ్చుతో చేసిన కాలి నమూనా మీద పాలీప్రొపిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ షీటుని వేడిచేసి పరిచి, ఆ ఆకారం తెచ్చారు. వేసి చూడటానికి రెండుసార్లు పిలిచి, ఒరుసుకునే చోట వేడిచేసి కొంచెం ఉబ్బెత్తు చేసి ఇచ్చారు. మోకాలి కింద బయటివైపు తగిలే బుడిపె ఎముక ఉంటుంది చూడండి, పట్టీ పై అంచు దానికన్నా కిందే ఆగాలి, అక్కడ నరం పైపైనే ఉంటుంది కాబట్టి. మడమ పూర్తిగా వెనక్కి ఆనాక చీలమండ దగ్గరి వెల్క్రో ముందు బిగించాలి. మొదట గంటతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. తీశాక ఎర్రటి మచ్చ అరగంటలో పోకపోతే మళ్లీ వేయకుండా తిరిగి తీసుకెళ్లాలి. షుగర్ ఉన్నవాళ్లను “నొప్పిగా ఉందా” అని అడిగి ఊరుకోవద్దు, మన కళ్లతో చూడాలి.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకోటి. ఈ పట్టీ బూటు లోపల వేసుకునేది. మనమేమో ఇంట్లో చెప్పులు లేకుండా తిరుగుతాం. ఉత్త ప్లాస్టిక్‌తో గ్రానైట్ నేల మీద అడుగేస్తే సర్రున జారుతుంది, తడి బాత్రూమ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. రోగి పొద్దస్తమానం ఉండేది ఇంట్లోనే కదా, మరి ఒక్క డాక్టరైనా “మీ ఇంట్లో ఎలా తిరుగుతారమ్మా” అని అడగలేదే! వంటింట్లోకి, దేవుడి గదిలోకి బూట్లతో రానని అమ్మ రెండు వారాలు మొండికేసింది. చివరికి ఇంటి గడప దాటని కొత్త బూట్ల జత కొన్నాం, పట్టీ పట్టేలా ఒక సైజు పెద్దది, వెల్క్రో ఉన్నది. “ఇవి బయట మట్టి తొక్కలేదమ్మా” అంటే అప్పుడు ఒప్పుకుంది.

చీలమండకు పట్టీ కాలు బెణికినవాళ్లూ వేసుకుంటారు, కానీ వాళ్ల గొడవ వేరు. సాగే మేజోడు లాంటిది వాపును కాస్త నొక్కి ఉంచుతుందంతే, కాలు మళ్లీ మడత పడకుండా ఆపలేదు. దానికి రెండు పక్కలా గట్టి పలకలున్నదో, లేసులతో బిగించేదో కావాలి. చీలమండ ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా, నాలుగడుగులు వేయలేకపోయినా ముందు ఎక్స్‌రే తీయించండి.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు వైకల్యం సర్టిఫికెట్‌కి (మనం సదరం అని పిలిచేది) అప్లై చేయండి. 40 శాతం వైకల్యం ఉండి, ఆదాయం పరిమితిలోపు ఉంటే కేంద్రం ఆడిప్ పథకం కింద ఇలాంటి పరికరాలు ఇస్తారు. క్యాంపులో ఇచ్చినా సరే, అక్కడే తొడిగించి నాలుగడుగులు నడిపించి చూసుకోండి.

అమ్మ పిక్క బిగుతు ఈ మధ్య కొంచెం తగ్గింది. వచ్చే వారం మళ్లీ తీసుకెళ్తున్నాం, కీలు రకానికి మార్చొచ్చేమో చూస్తానన్నారు.