సైకిల్ ఇచ్చినాం సరే, బ్రేక్ అందుతోందా?

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది ప్రోగ్రాంలో ఆ స్లైడ్ షో వేసినప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది, నాకు చేతులు రాలేదు. డిసెంబర్లో మన సంఘం తరఫున కడప దగ్గర హైస్కూల్ పిల్లలకి మౌంటెన్ సైకిళ్ళు ఇచ్చిన ఫోటోలవి. ఒక ఫోటోలో తొమ్మిదో తరగతి పాప కొత్త సైకిల్ మీద కూర్చుని నవ్వుతా ఉంది. మంచి ఫోటోనే, కానీ ఆ పాప చేతులు చూసినారా ఎవరైనా? మోచేతులు వంగకుండా నిటారుగా చాపుకుని ఉన్నాయి, వేళ్ళు బ్రేక్ లీవర్ల మీద లేవు, ఎందుకంటే అందవు కాబట్టి. భోజనాల దగ్గర కమిటీలో ఒక పెద్దాయనతో ఈ మాట అంటే "ఎదిగే పిల్లలు గదబ్బా, రెండేళ్ళు పోతే అదే సరిపోతాది, ఇంత మంచి పని చేస్తే నువ్వు హ్యాండిల్ గురించి మాట్లాడతావేంది, అమెరికా సోకులు కాకపోతే" అన్నాడు. పక్కనున్నోళ్ళు కూడా తలూపినారు. ఆ మాట గుచ్చుకుంది, అందుకే రాస్తున్నా.

సెలవులకి ఊరికి పోయి ఉన్నా కాబట్టి ఆ రోజు నేనూ అక్కడే ఉన్నా. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, శాలువాలు, మెమెంటోలు, అతిథుల మాటలు, ఇవన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది, పిల్లలు పొద్దున్నుంచి ఎండలో కూర్చునే ఉన్నారు. స్టేజి ఖాళీ అయినాక సైకిళ్ళు గ్రౌండ్ లోకి తీసుకుపోయినారు. ఆ బడి రాయచోటి రోడ్డు వైపు, గువ్వలచెరువు ఘాట్‌కి ఇవతల. పాలకోవా కోసం అక్కడ బండి ఆపని వాళ్ళు మనలో ఎవరూ ఉండరు కాబట్టి ఆ రోడ్డు ఎట్లుంటుందో, లారీలు ఎట్లా దిగుతాయో నేను చెప్పే పని లేదు. పిల్లలు వచ్చే దోవలేమో మట్టి బాటలు, గుండ్రాళ్ళు, తుమ్మ ముళ్ళు, ఎక్కుడూ దిగుడూ.

ఆ పాప అప్పటికే హ్యాండిల్‌కి పసుపూ కుంకుమా పెట్టుకుని, నిమ్మకాయ కట్టుకుని వచ్చింది. "పాపా, బ్రేక్ పట్టు చూద్దాం" అన్నా. పట్టుకోవాలంటే అరచెయ్యి గ్రిప్ మీద నుంచి లేపాల్సి వచ్చింది, నడుము ముందుకు వంచి చెయ్యి జరిపితే వేళ్ళ కొసలు మాత్రం లీవర్‌కి తగిలినాయి. "అందల్యా సార్" అని, నా మొహం చూసి వెంటనే "ఏం కాదు సార్, కాలు పెట్టి ఆపుకుంటా" అనింది. సైకిల్ ఎక్కడ వెనక్కి తీసుకుంటారో అని భయం, అది ఆ పాప కళ్ళల్లో కనిపించింది నాకు.

బ్యాగులో అలెన్ కీలు, అంటే ఆరు పలకల చిన్న పానాలు, ఉన్నాయి కాబట్టి అక్కడే వేపచెట్టు కింద కూర్చున్నాం. లీవర్‌ని హ్యాండిల్‌కి పట్టి ఉంచే క్లాంప్ వదులు చేసి లోపలికి, స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేముకి కలిపే పొట్టి కడ్డీ) వైపు జరిపినా, గేర్ షిఫ్టర్ కూడా దాంతోపాటే. పట్టే వేళ్ళు లీవర్ చివర వంపు దగ్గర పడాలి, అక్కడ పట్టుకుంటే తక్కువ బలానికే బ్రేక్ గట్టిగా పడుతుంది, మధ్యలో పట్టుకుంటే చెయ్యి నొప్పి పుట్టేదాకా నొక్కాల్సిందే. అవి కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు, హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో పనిచేసేవి) అయితే ఒక్క వేలు చాలు గానీ వీటికి చిన్న పిల్లలకి రెండు వేళ్ళు కావాలి. తర్వాత లీవర్ మొదట్లో రీచ్, అంటే లీవర్ గ్రిప్‌కి ఎంత దూరంలో ఉండాలో సరిచేసేందుకు ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతా లీవర్‌ని చేతికి దగ్గరగా తెచ్చినాం, వేలు మొదటి కణుపు దాకా చుట్టుకునే వరకు. దగ్గరికి తెచ్చినాక నొక్కితే లీవర్ పోయి గ్రిప్‌కి ఆనుకోకూడదు, అందుకని బ్యారెల్ (కేబుల్ బిగువు సరిచేసే చిన్న మర) కొంచెం బయటికి తిప్పి కేబుల్ కూడా బిగించినా. ఆ పాప గేటు దాకా పోయి గట్టిగా నొక్కితే వెనక చక్రం దుమ్ములో జారి నిలబడింది. "ఆగింది సార్!" అని అక్కడ్నుంచే అరిచింది. ఇంకో నలుగురైదుగురు పిల్లలు లైన్లో నిలబడినారు, వీలైనన్ని చేసినా, ఇంతలో ఫంక్షన్ హాల్లో భోజనాలకి లేటవుతోందని వ్యాను వచ్చేసింది.

చెయ్యలేకపోయింది హ్యాండిల్ వెడల్పు. టేపు పెట్టి కొలిస్తే 760 మిల్లీమీటర్లు ఉంది. ఇప్పుడొచ్చే మౌంటెన్ సైకిళ్ళకి 760 నుంచి 800 దాకా మామూలే, 90లలో ఐతే 600 కూడా ఉండేవి కావు చాలావాటికి. తర్వాత స్టెమ్‌లు పొట్టిగా, ఫ్రేములు పొడుగ్గా అయ్యేకొద్దీ హ్యాండిళ్ళు వెడల్పు పెరిగినాయి. వెడల్పు ఉంటే రాళ్ళ మీద చక్రం పక్కకి గుంజినా పట్టు నిలుస్తుంది, నిజమే, పెద్దవాళ్ళకి. ఎత్తును సెంటీమీటర్లలో తీసుకుని 4.4తో గుణిస్తే సుమారు వెడల్పు మిల్లీమీటర్లలో వస్తుందని ఒక లెక్క వాడుకలో ఉంది, దాని ప్రకారం 150 సెంటీమీటర్ల పిల్లకి 660 చాలు. 760 ఇస్తే రెండు పక్కలా ఐదేసి సెంటీమీటర్లు ఎక్కువ, భుజాలు తెరుచుకుపోయి మోచేతులు వంగడానికి చోటుండదు, వంగని మోచెయ్యి గుంతలో పడ్డ దెబ్బని నేరుగా భుజానికి చేరుస్తుంది, మలుపులో బయటి చెయ్యి అందకుండా పోతుంది.

కొయ్యడం పెద్ద పనేం కాదు, కడపలో ఏ సైకిల్ షాపులోనైనా యాక్సా బ్లేడుతో అయిపోతుంది. కాకపోతే కోసింది మళ్ళీ అతకదు, కాబట్టి ముందు గ్రిప్పులూ లీవర్లూ లోపలికి జరిపి కొన్నాళ్ళు తొక్కనియ్యాలి, బాగుందనిపిస్తే రెండు పక్కలా సమంగా కొంచెం కొంచెం కొయ్యాలి. చివర్లకి ప్లగ్గులు, అంటే మూతలు, తప్పనిసరిగా పెట్టాలి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. పిల్లలు పడినప్పుడు హ్యాండిల్ చివర పొట్టలో గుచ్చుకుని లోపలి అవయవాలు దెబ్బతినడం డాక్టర్లకి బాగా తెలిసిన విషయం, పైకి చిన్న కమిలిన గుర్తే కనిపిస్తుంది.

నేనుండేది అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో. ఇక్కడ మన తెలుగు వాళ్ళెంతమందో, మౌంటెన్ బైకు ట్రెయిల్స్ కూడా అంతే, వారాంతం వస్తే స్లాటర్ పెన్ ట్రెయిల్‌లో మన పిల్లలు కనిపిస్తానే ఉంటారు. ఇదే కమిటీలోని తల్లిదండ్రులు వాళ్ళ పిల్లలకి సైకిల్ కొనేటప్పుడు షాపులో గంటసేపు కూర్చోబెట్టి సీటు, హ్యాండిల్, బ్రేక్ అన్నీ సరిచేయించి గానీ బయటికి రారు. తప్పు లేదు, నేనూ అంతే. మరి కడప పాప విషయంలో "రెండేళ్ళకి సరిపోతాది" ఎందుకైంది?

ఆ అలవాటు ఎక్కడిదో నాకు తెలుసు. యూనిఫారం వదులుగా కుట్టించి, అంచు లోపలికి మడిచి, ఏడాదికోసారి విప్పుకుంటా వచ్చిన ఇళ్ళ నుంచే మనమందరం వచ్చినాం, మా అమ్మ అట్ల చెయ్యకపోతే ముగ్గురం బడికి పోయేవాళ్ళం కాదు. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ వదులు చొక్కాతో రెండేళ్ళు గడుస్తాయి, అందని బ్రేకుతో ఒక్క దిగుడు గడవదు.

అమెరికా సోకు అనే మాట కూడా నేను ఒప్పుకోను. చిన్నప్పుడు దర్గా దగ్గర గంటకింతని అద్దె సైకిళ్ళిచ్చే భాయ్ ఉండేవాడు. పైసలు తీసుకునే ముందు "ఎక్కు, బ్రేక్ పట్టి చూపించు" అనేవాడు, అందకపోతే పానా తీసి సీటు దించేవాడు, అయినా అందకపోతే "నీకు కాదు పో, ఆ చిన్నది తీసుకో" అని ఇంకోటిచ్చేవాడు. సైకిల్ మనిషికి సరిపడాలని నాకు మొదట చెప్పింది ఆయనే.

కమిటీ వాళ్ళ ఇబ్బంది కూడా ఉంది, కాదనను. ఒకే మోడల్ ఒకే సైజు ఆర్డరిస్తే ధర తగ్గుతుంది. డబ్బాల్లో వచ్చినవి రాత్రికి రాత్రి బిగించాలి, వాలంటీర్లు తక్కువ, అతిథుల టైము చూసుకోవాలి. మేము కడ్డీ కింద నుంచి కాలు దూర్చి నాన్న సైకిల్ తొక్కలేదా అంటారు, తొక్కినాం. పెద్దగా లారీల్లేని సందుల్లో, నడకకంటే కొంచెం ఎక్కువ వేగంతో. గేర్ల సైకిల్ మీద రాయచోటి రోడ్డు దిగే పిల్లకి అది లెక్కలోకి రాదు.

అందుకని అడుగుతున్నా, బతిమాలి అడుగుతున్నా. వచ్చే డిసెంబర్ ప్రోగ్రాంలో ప్రసంగాల్లోంచి ఒక గంట తీసి ఈ పనికివ్వండి. ఆర్డర్లో రెండు సైజులు పెట్టండి. ఊళ్ళో మెకానిక్కులని ఇద్దర్ని కూలిచ్చి పిలిపించండి, శాలువాల ఖర్చులోంచే అవుతుంది. ఇక్కడ తొక్కే అలవాటుతో పోయే వాలంటీర్లకి ఒక మాట, అమెరికాలో సైకిళ్ళకి ముందు బ్రేక్ ఎడమ చేతికి వస్తుంది, మన దగ్గర ఎక్కువగా కుడి చేతికి, కాబట్టి ఏ లీవర్ ఏ చక్రానిదో తొక్కించి చూసి పిల్లకి చెప్పండి. లీవర్ బోల్టు మరీ బిగించొద్దు, పడినప్పుడు తిరిగితే విరగకుండా మిగులుతుంది.

పోయిన డిసెంబర్లో ఇచ్చినవి చాలావరకు అట్లే ఉన్నాయి. జూన్లో బడులు తెరిచేలోగా కడపలో ఉన్న మనవాళ్ళు ఎవరైనా ఒక ఆదివారం హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడి పిల్లల్ని సైకిళ్ళతో రమ్మంటే, మెకానిక్ కూలీ, ప్లగ్గులూ, గ్రిప్పుల ఖర్చు నేను పెట్టుకుంటా.