ఖుక్రీ: ఓడ పేరు తిరిగొచ్చింది, నావికుడి పేరో?

1971 డిసెంబరు 9 రాత్రి, భారత్-పాకిస్తాన్ యుద్ధం నడుస్తున్న రోజులు. గుజరాత్ తీరాన ఉన్న డయ్యూకి దూరంగా, అరేబియా సముద్రంలో మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ ఖుక్రీకి పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ వదిలిన టార్పెడో, అంటే నీటిలో దూసుకొచ్చి పేలే ఆయుధం, తగిలింది. కొద్ది నిమిషాల్లోనే ఓడ మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు.

ఖుక్రీ అనగానే అందరూ చెప్పేది ఆ ఓడను నడిపించిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా గురించే. తోటివాళ్లను బయటపడమని పంపి, తాను ఓడతోపాటే ఉండిపోయారు. మరణానంతరం ఆయనకు మహావీర్ చక్ర అనే శౌర్య పతకం ఇచ్చారు. ఆ గౌరవానికి ఆయన అన్నివిధాలా అర్హుడు. చిక్కల్లా, కథ ఆయన దగ్గరే ఆగిపోవడంతోనే. మిగతా 193 మంది ఒక అంకెగా మిగిలారు.

ఓడ మునిగేటప్పుడు ఎవరు బతుకుతారన్నది చాలావరకు ఆ క్షణంలో ఎవరు ఎక్కడున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. పై డెక్ మీద ఉన్నవాడికి సముద్రంలో దూకే వీలైనా ఉంటుంది. కింద ఇంజిన్ రూమ్‌లో డ్యూటీలో ఉన్నవాడు కరెంటు పోయి, చీకట్లో ఇరుకు నిచ్చెన వెతుక్కోవాలి. ఓడ ఒరిగిపోతుంటే ఆ నిచ్చెన కూడా నిలువుగా ఉండదు. ఆ చివరి నిమిషాల్లో అతనేం చేశాడో చెప్పడానికి ఎవరూ మిగలరు. సాక్షి లేని ధైర్యానికి పతకం రాదు.

ఇంటివాళ్ల సంగతి మరోలా ఉంటుంది. నేల మీద పోరాడి చనిపోయిన సైనికుడి దేహం చాలాసార్లు ఇంటికి చేరుతుంది, ఏడవడానికి ఒక చోటంటూ ఉంటుంది. సముద్రంలో పోయినవాడు ముందు 'ఆచూకీ లేదు' అనే మాటగా వస్తాడు. ఏమో, ఏ ఓడైనా ఎక్కించుకుందేమో అన్న ఆశ అంత తొందరగా చావదు.

నౌకాదళానికి ఓడల్ని గుర్తుంచుకునే పద్ధతి ఒకటుంది: పాత పేరు కొత్త ఓడకు పెడతారు. అలా 1989లో మరో ఖుక్రీ వచ్చింది. 32 ఏళ్లు పనిచేసి 2021 డిసెంబరులో సెలవు తీసుకుంది. తర్వాత దాన్ని మ్యూజియంగా ఉంచడానికి డయ్యూకే ఇచ్చారు. డయ్యూలో సముద్రానికి ఎదురుగా పాత ఖుక్రీ స్మారకం ఎప్పటినుంచో ఉంది, అద్దాల పెట్టెలో ఓడ నమూనాతో.

ఇలాంటి స్మారకం దగ్గర పేర్ల పట్టిక ఒక్కటే సరిపోదనిపిస్తుంది నాకు. ప్రతి పేరు పక్కన ఆ మనిషి ఓడలో చేసిన పని రాయాలి: వంటవాడు, సిగ్నల్ చూసేవాడు, నీటి కింది శబ్దాల్ని పట్టే సోనార్ దగ్గర కూర్చున్నవాడు. అప్పుడు చూడటానికొచ్చిన పిల్లాడు కనీసం ఒక్కరి గురించైనా అడుగుతాడు, ఆ రాత్రి ఈయన ఎక్కడున్నాడని.