యాడ్వర్బ్ క్లాజు గారికి ఒక లీవ్ లెటర్

మహారాజశ్రీ యాడ్వర్బ్ క్లాజు గారికి,

నమస్కరించి రాయునది. ఇంగ్లీషు వాక్యంలో పని ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా జరిగిందో చెప్పే చిన్న వాక్యం తమరు. తెలుగు మీడియంలో టెన్త్ చదివే రోజుల్లో తమరి దగ్గర మార్కులు పోగొట్టుకున్నవాణ్ణి. తమరికి గుర్తుండకపోవచ్చు, నాలాంటివాళ్ళు ఊరికో బెంచీ నిండా ఉన్నారు.

మన పరిచయం ఇలా జరిగింది. సారు బోర్డు మీద టైమ్, ప్లేస్, రీజన్, కండిషన్, కన్సెషన్ అని వరసగా రాసుకుంటూ పోయారు. "కన్సెషన్ అంటే బస్ పాస్‌దేనా సార్?" అని అడిగినవాడు ఆ పీరియడ్ అంతా నిలబడే ఉన్నాడు. (నేనే.) 'యాజ్' కనపడితే రీజన్ అని బట్టీ పట్టించారు. పరీక్షలో 'డూ యాజ్ ఐ సే' వచ్చింది. రీజన్ అని రాశాను. అది మేనరట, అంటే 'ఎలా' అని చెప్పేదట! ఒకే చొక్కా వేసుకుని నాలుగిళ్ళ పెళ్ళిభోజనాలకి వెళ్తే తమర్ని గుర్తుపట్టేదెలా?

'దో ఇట్ రెయిన్డ్, బట్ వుయ్ ప్లేడ్' అని రాస్తే 'బట్' చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు. ఎందుకో చెప్పలేదు. 'వాన పడినా ఆడాం' అంటామే తప్ప 'వాన పడినా, కానీ ఆడాం' అంటామా? ఆ ఒక్క ముక్క చెబితే నేనే కొట్టేసుకునేవాణ్ణి. 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్'లో 'విల్' కొట్టేసిన గొడవా అంతే. 'రేపు వాన పడితే' అన్నప్పుడు 'పడితే'కి భవిష్యత్తేమిటి, భూతమేమిటి?

అసలు మోసం తర్వాతి పీరియడ్‌లో తెలిసింది. తెలుగు మాస్టారు 'వస్తే' చేదర్థకం (షరతు చెప్పేది), 'వచ్చినా' అప్యర్థకం (అడ్డున్నా ఆగదని చెప్పేది) అన్నారు. అవి రెండూ కండిషన్, కన్సెషన్ వేషాల్లో ఉన్న తమరే! పేరు మార్చుకుని పక్క పీరియడ్‌లో కూర్చున్నారు. మాకు క్రియకి చిన్న తోక తగిలిస్తే అయిపోయే పనికి ఇంగ్లీషులో ముందో మాట, ఆ వెనక కర్త, క్రియ, ముందు వరసలో కూర్చుంటే కామా మర్యాద కూడానూ. ఇద్దరు మాస్టార్లూ ఒకే స్టాఫ్ రూమ్‌లో టీ తాగేవారు. ఈ సంగతి మాత్రం వాళ్ళ మధ్య ఎప్పుడూ రాలేదు.

ఆరో తరగతి నుంచీ లీవ్ లెటర్‌లో 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని రాస్తూనే ఉన్నాం, జ్వరం లేకపోయినా. అందులో ఉన్నది తమరేనని ఎవరూ చెప్పలేదు.

నిన్న మా అమ్మాయి గ్రామర్ పుస్తకం పట్టుకొచ్చి, "నాన్నా, కన్సెషన్ అంటే బస్ పాస్‌దేనా?" అంది.

యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ తమరు, కైండ్లీ గ్రాంట్ మి లీవ్ ఫర్ టూ డేస్.

ఇట్లు,
తమరి విధేయుడు,
వెనక బెంచీ