దొంగలకు పునరావాసం: ఐస్‌లాండ్ చూపిన దారి

క్రిస్మస్ పండక్కి పిల్లలకు బహుమతులు పంచే పని ఎవరికి అప్పగించాలన్న విషయంలో ప్రపంచ దేశాలు కనీస జాగ్రత్త కూడా పాటించడం లేదు. అర్ధరాత్రి పొగగొట్టంలోంచి ఇంట్లోకి దిగే శాంటాను గుర్తింపు కార్డు అడిగినవాడు లేడు. ఇటలీలో జనవరి 5 రాత్రి చీపురెక్కి వచ్చే బెఫానా అనే ముసలావిడదీ అదే దారి. స్పెయిన్‌లోని కాటలోనియాలో అసలు మనిషే అక్కర్లేదు. ఓ చెట్టు మొద్దుకు దుప్పటి కప్పి, రోజూ మేత పెట్టి, పండగనాడు కర్రలతో బాదితే అది బహుమతులు విసర్జిస్తుంది. (మర్యాద కోసం ఈ మాట వాడాను. అక్కడి పిల్లలు పాడే పాటలో ఇంత మర్యాద ఉండదు.)

ఈ శాఖలో ఒక విధానమంటూ ఉన్నది ఐస్‌లాండ్‌కే. వాళ్లు నేరుగా దొంగల్నే పనిలోకి తీసుకున్నారు.

అక్కడి జానపద కథల్లోని ఈ దొంగలు మొత్తం 13 మంది అన్నదమ్ములు. తల్లి గ్రీలా కొండల్లో ఉండే రాక్షసి, అల్లరి పిల్లల్ని వండుకు తింటుంది. తండ్రి ఒట్టి సోమరి. కొడుకుల పేర్లే వాళ్ల నేరచరిత్ర: గరిటెలు నాకేవాడు, గిన్నెలు గీకేవాడు, సాసేజీలు లాక్కుపోయేవాడు, కిటికీల్లోంచి తొంగి చూసేవాడు, కొవ్వొత్తులు కాజేసేవాడు. ఒకడి పనల్లా తలుపులు ధడేల్‌మని వేసి జనం నిద్ర చెడగొట్టడం. అందులో వాడికి మిగిలేదేమీ లేదు, కేవలం కళాభిమానం.

డిసెంబరు 12 నుంచి రోజుకొకడు ఊళ్లోకి దిగుతాడు. 25 నుంచి వచ్చిన వరుసలోనే తిరుగుముఖం పడతారు. ఇలా క్యూ పాటించే దొంగలు ఇంకెక్కడున్నారు? పిల్లలు కిటికీలో బూటు పెట్టి పడుకుంటే, బుద్ధిమంతుడికి చిన్న కానుక, పెంకివాడికి కుళ్లిన బంగాళాదుంప. ఎవడు బుద్ధిమంతుడో తేల్చే న్యాయమూర్తి మాత్రం జీవితమంతా పరాయి గిన్నెలు నాకినవాడే.

వీళ్ల పేరు చెప్పి పిల్లల్ని బెదిరించకూడదని 1746లో, ఐస్‌లాండ్ డెన్మార్క్ ఏలుబడిలో ఉన్నప్పుడు, సర్కారు ఉత్తర్వు కూడా వచ్చింది. కాలక్రమంలో దొంగలు ఎర్రకోట్లు తొడుక్కుని పెద్దమనుషులైపోయారు. కోటు మారితే చరిత్ర మారడం మనకు మాత్రం కొత్తా?

బాగుపడనిది ఆ ఇంటి పిల్లి ఒక్కటే. పండక్కి కొత్త బట్టలు దక్కనివాళ్లను అది తినేస్తుంది. కొనివ్వనివాడి జోలికి వెళ్లదు, కట్టుకోను లేనివాణ్ణి పట్టుకుంటుంది. ఇంత పకడ్బందీ సంక్షేమ పథకాన్ని ఏ ప్రభుత్వమూ రూపొందించలేదు.

ఇక మన బూచాడి గతి చూడండి. తరతరాలుగా పిల్లలకు అన్నం తినిపించే డ్యూటీ, జీతం సున్నా, ప్రమోషన్ సున్నా. వాడికి వెంటనే కుళ్లిన దుంపల శాఖైనా ఇవ్వాలని నా డిమాండు. సరుకు కోసం ఐస్‌లాండ్ దాకా పోనక్కర్లేదు, కొన్ని హాస్టళ్ల వంటగదుల్లో ఏడాది పొడవునా దొరుకుతుంది.