ఆప్టిట్యూడ్ టెస్టు గారికి, అమీర్‌పేట

మహారాజశ్రీ ఆప్టిట్యూడ్ టెస్టు గారి దివ్యసముఖమునకు, ఒక ప్రతిభాహీనురాలు నమస్కరించి వ్రాయునది. ఇచ్చట నేను క్షేమం. అచ్చట తమకేం లోటు, గంట తిరక్కుండా మనిషి జాతకం తేల్చేసేవారు!

నిన్న మైత్రీవనం పక్క సందులో, ఏసీ పనిచేయని కోచింగ్ సెంటర్ గదిలో తమ దర్శనమైంది. ప్రోగ్రామర్ కాగల తెలివి నాలో పుట్టుకతో ఉందో లేదో ఉచితంగా చెబుతామన్నారు. ఉచితమే, ఒక్క ఆదివారం మధ్యాహ్నం పోయిందంతే. చివర్లో తెర మీద ఎర్రగా వచ్చింది: "సహజ సామర్థ్యం: తక్కువ."

సరే, తమరి ప్రశ్నలు. ఫొటోలో ఉన్నాయన రమేష్‌కి ఏమవుతాడు? అయ్యా, మేనమామనే పెళ్లాడిన ఇళ్లున్న ఊరు మాది. ఒక్కో మనిషికి మూడేసి వరసలుంటాయి. ఒక్కదానికే టిక్ పెట్టమంటే ఎలా? పాచికలో నాలుక్కి ఎదురుగా ఏ అంకె ఉంటుందో అడిగారు. సంతోషం, వైకుంఠపాళిలో పనికొస్తుంది.

కానీ ఆ రైలు ప్రశ్న ఉంది చూశారూ, అదే నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. 300 మీటర్ల రైలు ఒక స్తంభాన్ని 20 సెకన్లలో దాటింది. అదే వేగంతో 450 మీటర్ల ప్లాట్‌ఫాంని ఎంతసేపట్లో దాటుతుంది? మౌలాలి ఔటర్‌లో గంటసేపు పడిగాపులు కాసినవాళ్లకి ఇలాంటి రైలు ఉంటుందని నమ్మడమే కష్టం. అయినా నమ్మాను. సెకనుకి 15 మీటర్లు, మొత్తం దూరం 750, జవాబు 50. తప్పట! 30 అట. 450ని 15తో భాగించి చేతులు దులుపుకున్నారు. రైలు పొడవు కలపలేదు. అంటే ఇంజను ముక్కు ప్లాట్‌ఫాం చివర దాటితే చాలు, రైలు మొత్తం దాటేసినట్టే. వెనక పెట్టెల్లో జనం ఏమైనట్టు? గార్డు ఏమైనట్టు?

ఇదే మాట కౌన్సెలర్ మేడంకి కాగితం మీద వేసి చూపించాను. "సిస్టమ్ అలాగే చూపిస్తోంది మేడం" అంది. ఆ సిస్టమ్‌లో ఆ 30 కొట్టిందెవరమ్మా? ఎవరో ఒక ప్రోగ్రామరే కదా. ఆయనకి సహజ సామర్థ్యం ఎంత వచ్చిందో కనుక్కుని చెప్పగలరా?

మా హార్డ్‌వేర్ షాపు స్టాకు లెక్కంతా ఎక్సెల్‌లో నేనే కట్టాను. నెలాఖరున పైపుల మొత్తం తేడా వస్తే, ఏ గడిలో డాలర్ గుర్తు పెట్టడం మర్చిపోయి ఫార్ములా కిందికి జారిందో పట్టుకునేదాకా కుర్చీలోంచి లేవను. దాని గురించి మాత్రం తమరు ఒక్క ముక్క అడగలేదు.

తమ వంశం పాతదే, ఒప్పుకుంటాను. 1955 నాటికే ఐబీఎం వారు అంకెల వరసలు, బొమ్మల పోలికలతో ప్రోగ్రామర్లని ఏరడం మొదలుపెట్టారు. 1966లో కానన్, పెర్రీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రోగ్రామర్లకి మనుషులంటే పడదని తేల్చారు. నిన్నటి నుంచి నాకూ పడడం లేదు, మరి ఆ మార్కులెక్కడ కలిపారు? 2006లో ఇంగ్లండ్‌లో దెహ్‌నాదీ, బోర్నాట్ అనేవాళ్లు పాఠం మొదలెట్టకముందే ఓ ప్రశ్నపత్రం ఇచ్చారు. ఎ = 10, బి = 20, తర్వాత ఎ = బి, ఇప్పుడు ఏది ఎంత? దీంతో ప్రోగ్రామింగ్ వచ్చేవాళ్లనీ రానివాళ్లనీ ముందే వేరు చేయొచ్చన్నారు. 2014లో ఆ బోర్నాటే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. పెద్దమనిషి! తమరు జవాబుల కీలో ఒక్క అంకె కూడా వెనక్కి తీసుకోరు.

అంతకుముందు, 1945లో, ఎనియాక్ అనే గదంత కంప్యూటర్‌ని ఆరుగురు ఆడవాళ్లకి అప్పగించారు. మాన్యువల్ లేదు, ప్రోగ్రామింగ్ భాష లేదు. చేతికిచ్చినవి వైర్ల పటాలు. వాటిని చూసుకుంటూనే నేర్చుకుని దాంతో పని చేయించారు. పాపం, వాళ్లలో సామర్థ్యం ఉందో లేదో చెప్పడానికి అప్పటికింకా తమరు పుట్టలేదు.

అన్నట్టు, నా పక్కన కూర్చున్న బీటెక్ కుర్రాడికి "ఎక్కువ" వచ్చింది. ప్రతిభ ఉంది కాబట్టి ఫుల్ స్టాక్ జావా కోర్సులో చేరాలట. నాకేమో ప్రతిభ లేదు కాబట్టి అదే కోర్సులో చేరాలట. ఫీజు ఇద్దరికీ ఒకటే, ఇవాళే కడితే తగ్గింపట. పుట్టుకతో వచ్చేదైతే ఫీజెందుకు? ఫీజు కడితే వచ్చేదైతే నువ్వెందుకు? నా పుట్టుక సంగతి నీకెందుకు? రైలుని సగంలో వదిలేసి, దిద్దమంటే సిస్టమ్ వెనక దాక్కుని, నా మొహాన "తక్కువ" అని రాస్తావా?

ముందు ఆ కీ దిద్దు. తర్వాత నా ప్రతిభ సంగతి మాట్లాడుదువుగాని.

ఇట్లు,
గార్డు పెట్టె దాటేదాకా లెక్కపెట్టే మనిషి